కాయిలమ్మ చదివిన డిప్లొమా

ఆమెను అందరూ కాయిలమ్మ అనేవారు. గొంతు చూసి పెట్టిన పేరు కాదు. ఆమె పాట ఎత్తుకుంటే అత్తగారు లేచి వెళ్ళి తలుపు వేసుకునేది. కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే మామగారి వైండింగ్ షాపులో పదకొండేళ్ళుగా కాయిల్స్ చుడుతోంది కనుక కోయిలమ్మ కాస్తా కాయిలమ్మ అయింది.

మామగారికి చూపు మందగించి, సన్నటి రాగితీగ కంటికి ఆనడం మానేసిన రోజుల్లో, ఇంట్లో నిదానం ఎవరికుందా అని చూస్తే కోడలే కనిపించింది. కొడుకు వ్యాను నడుపుతాడు, పది నిమిషాలు ఒకచోట కుదురుగా కూర్చోలేడు. ఆమె నేర్చుకుంది. రెండేళ్ళు తిరిగేసరికి, కాలిన మోటారు మూత తీయగానే వాసనను బట్టే జబ్బు చెప్పేది.

ఊరికి నీళ్ళిచ్చే పంపుహౌసు నుంచి ఒక పెద్ద మోటారు నాలుగు నెలల్లో మూడోసారి కాలి వచ్చింది. ఈసారి దాని వెంట సూపర్‌వైజర్ కూడా వచ్చాడు.

“మేస్త్రీగారూ, మీ చేతిలో పస తగ్గింది. ఇదీ నిలవకపోతే మేం వేరే షాపు చూసుకుంటాం,” అన్నాడు.

నలభై ఏళ్ళ పనిలో మామగారు అలాంటి మాట పడలేదు. శుభ్రంగా ఉన్న బల్లనే మళ్ళీ గుడ్డతో తుడిచాడు. అది చూసి ఆమె పానా అందుకుంది.

మోటారు విప్పింది. చుట్టూ వరుసగా ఉన్న కాయిల్స్‌లో ప్రతి మూడో గుంపూ బొగ్గులా మాడిపోయింది. మధ్యలోవి నిన్న చుట్టినట్టు మెరుస్తున్నాయి.

“మావయ్యా, చుట్టడంలో తప్పుంటే ఎక్కడో ఒకచోట కాలాలి. ఇలా లెక్కపెట్టినట్టు కాలదు. మూడు వైర్లలో రావాల్సిన కరెంటు, నడుస్తుండగా రెండిట్లోనే వస్తోంది. రోగం మోటారుది కాదు, దాన్ని నడిపే ప్యానెల్‌ది.”

“నాకూ అలాగే ఉందమ్మా. కానీ ప్యానెల్ మన పని కాదు. అక్కడ చదువుకున్నవాళ్ళున్నారు.”

“ఉంటే మూడుసార్లు ఎందుకు కాలింది?”

మోటారు తిరిగి చుట్టి, పంపుహౌసులో బిగించడానికి వెళ్ళినప్పుడు, కొన్ని రోజులు అక్కడే ఉండి చూస్తానని సూపర్‌వైజర్‌ని అడిగింది. అతను నవ్వాడు.

“కాయిల్స్ చుట్టేవాళ్ళకు ప్యానెల్‌తో ఏం పని?”

“ముట్టుకోను సార్. మీటరు పట్టుకుని కూర్చుంటాను. మూడే రోజులు.”

పంపుహౌసు గదిలో నేల ఎప్పుడూ తడిగా ఉండేది. ఆ హోరులో ఎవరైనా ఏదైనా చెప్పాలంటే చెవి దగ్గరికి రావాలి. బీరువా అంత ప్యానెల్ పక్కన ముక్కాలిపీట వేసుకుని, వైరు చుట్టూ పట్టుకునే మీటరుతో మూడు వైర్లూ ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ, పావుగంటకోసారి కాగితం మీద అంకెలు రాసుకుంది. మొదటిరోజు అన్నీ సమానమే. రెండోరోజూ అంతే. సాయంత్రం తీసుకెళ్ళడానికి వచ్చిన భర్త, “గుడ్లింకా పొదగలేదా?” అన్నాడు.

మూడోరోజు మధ్యాహ్నం కావస్తుండగా మోటారు మూలగడం మొదలుపెట్టింది. ఒక వైరులో అంకె సున్నా. ఆమె చెయ్యెత్తింది. పంపు నడిపే ఆపరేటర్ వెంటనే మోటారు ఆపేశాడు. పంపుహౌసు ఎలక్ట్రీషియన్ కరెంటు తీసి ప్యానెల్ తలుపు తెరిచాడు. మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్‌లో ఒక బిళ్ళ అరిగి, నల్లబడి ఉంది. వేడెక్కితే అంటుకోవడం మానేస్తోంది.

మరి తేడా వస్తే మోటారును ఆపాల్సిన రిలే ఏం చేస్తోంది? దాని మీది ముల్లు చిట్టచివరి గీత దాకా తిప్పేసి ఉంది. ఇక అది దేనికీ అడ్డుపడదు. ఆమె ఆపరేటర్ వైపు చూసింది. పెద్దాయన తల దించుకున్నాడు.

“నేనే తిప్పానమ్మా. మాటిమాటికీ ట్రిప్ అయి మోటారు ఆగిపోయేది. నీళ్ళు రాకపోతే జనం నా మీద పడేవాళ్ళు. ఇంకో ఏడాదే ఉంది నా సర్వీసు. నా పేరు చెప్పకు.”

“దాస్తే మళ్ళీ కాలుతుంది బాబాయ్. అప్పుడు కూడా మా మావయ్యనే అంటారు. ట్రిప్ అవుతోందని పైవాళ్ళకు చెప్పారా?”

ఆయన లాగ్‌బుక్కు తెచ్చాడు. ‘రిలే ట్రిప్ అగుచున్నది, చూడవలెను’ అని పదకొండు చోట్ల ఉంది. ప్రతిదాని కిందా సూపర్‌వైజర్ సంతకం.

ఆ పుస్తకం తీసుకెళ్ళి సూపర్‌వైజర్ బల్ల మీద తెరిచి పెట్టింది. “ఆపరేటర్ గారు రిలే ముల్లు తిప్పడం తప్పే సార్. కానీ ముందు పదకొండుసార్లు రాశారు.”

అతను తన సంతకాలను తనే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. ఆ వారంలోనే కాంటాక్టర్ మారింది, రిలే సరిచేశారు. ఆపరేటర్ జోలికి ఎవరూ పోలేదు. మామగారి దగ్గరికి వచ్చి, “పొరపాటున అన్నాను మేస్త్రీగారూ,” అని సూపర్‌వైజర్ ఒప్పుకున్నాడు కూడా. వెళ్ళబోతూ ఆమెతో, “నువ్వు చెప్పింది నిజమేనమ్మా. కానీ ఆ తలుపు తెరిచి లోపల చెయ్యి పెట్టాలంటే చేతిలో సర్టిఫికెట్ ఉండాలి,” అన్నాడు.

అది ఎత్తిపొడుపో సలహానో ఆమె ఆలోచిస్తూ కూర్చోలేదు. ముప్ఫై నాలుగో ఏట ఎలక్ట్రికల్ డిప్లొమాలో చేరింది. మొదటిరోజు క్లాసులో అడుగుపెట్టగానే పిల్లలంతా లేచి “నమస్తే మేడం” అన్నారు. ఆమె వెళ్ళి చివరి బెంచీలో కూర్చుంటే బిత్తరపోయారు. లెక్కల్లో రెండుసార్లు తప్పింది. పదో తరగతి చదివే కూతురు పక్కన కూర్చోబెట్టుకుని, “అమ్మా, మళ్ళీ అదే తప్పు,” అని విసుక్కుంటూ నేర్పింది. అత్తగారు వంటిల్లు తన చేతిలోకి తీసుకుని, “చదువుకో. పాట మాత్రం ఎత్తుకోకు,” అంది. మూడోసారి లెక్కలు గట్టెక్కాయి.

ఇప్పుడామె ప్యానెళ్ళు తయారుచేసే ఫ్యాక్టరీలో మోటార్ కంట్రోల్ విభాగం చూస్తోంది. చేరిన ఏడాదికి తను గీసిన మొదటి ప్యానెల్ పరీక్షకు వచ్చింది. మోటారు నడుస్తుండగా ఒక ఫేజుకు, అంటే మూడు వైర్లలో ఒకదానికి, కరెంటు ఆపేసింది. రెండు సెకన్లలో ప్యానెల్ మోటారును నిలబెట్టింది. పక్కనున్న కుర్ర ఇంజనీర్ పరీక్ష కాగితం మీద టిక్కు పెట్టబోయాడు.

“ఆగింది కదా మేడం. ఇంక చాలు.”

“ఇంకా రెండు ఫేజులున్నాయి బాబూ,” అని ఆమె మళ్ళీ స్టార్ట్ బటన్ నొక్కింది.