మా మరిది వంచిన డ్యాంపరు

నా కుడి చేతి బొటనవేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. ఎముక అతుక్కుందని డాక్టరు చెప్పాడు గానీ పిండి పిసికినప్పుడల్లా సలుపుతుంది. సలిపినప్పుడల్లా మా మరిది మీద కోపం మళ్లీ కొత్తగా పుడుతుంది. దాన్ని చల్లార్చుకోవాలని నేను ప్రయత్నించలేదు.

సీతారామపురం వైపు పల్లెల నుంచి ఉదయగిరికి జనాన్ని చేరవేసే జీపు నాది. మా నాయన నడిపిన బండి. మా ఆయన ఆత్మకూరులో విత్తనాల అంగట్లో పని చేస్తాడు, ఆదివారాలు వస్తాడు. ఆయన తమ్ముడు మా పక్కింట్లోనే ఉంటాడు. ఒకరోజు వాడొచ్చి, "వదినా, పెండ్లి సామాన్లు తోలాల. ఒక్క పూట జీపు ఇయ్యి" అని అడిగాడు. ఇచ్చాను. సాయంత్రానికి కడిగి మరీ తెచ్చి పెట్టాడు. తన మోటార్ సైకిల్ కూడా ఎన్నడూ తుడవని మనిషికి ఇంత శ్రద్ధ ఎక్కడిదా అనుకోలేదు నేను. మురిసిపోయాను.

మరునాడు పొద్దున జీపు నిండా జనం. ముందు సీట్లో, కన్ను చూపించుకోవడానికి ఉదయగిరి పోతున్న ఒక అవ్వ. వాగు దాటి గట్టెక్కుతుంటే ముందు చక్రం గుంతలో పడింది. స్టీరింగు నా చేతుల్లోంచి గిర్రున తిరిగింది. దాని లోపలి అడ్డకడ్డీ బొటనవేలిని కొట్టిన చప్పుడు నాకే వినపడింది. చక్రాలు అటూ ఇటూ కొట్టుకుంటూ జీపును తుమ్మ కంపల్లోకి ఈడ్చుకుపోయాయి. ఇంకో నాలుగడుగులు పోయుంటే వాగులో పడేవాళ్లం. అవ్వ నుదురు చిట్లింది. కొంగుతో రక్తం అదుముకుంటూ, "బతికినాంలే బిడ్డా, ఏడవబాక" అని నన్నే ఓదార్చింది.

చేతికి కట్టుతో తిరిగొచ్చి ఊరి ముందు దిగేసరికి టీ కొట్టు దగ్గర పంచాయతీ నడుస్తోంది. నా వైపు వీపు పెట్టి మా మరిది గట్టిగా చెబుతున్నాడు. "మొదట్నించీ చెప్తానే ఉండా. ఆడమనిషి చేతికి స్టీరింగు ఇస్తే ఇట్టనే ఉంటాది. మా అన్న వినడు." అందరూ నవ్వారు. నేను తల వంచుకుని ఇంటికి పోయాను. నా వల్లే జరిగిందని నేనూ నమ్మాను మరి.

కంపల్లోంచి జీపును ఇంటికి లాక్కొచ్చాక కిందికి దూరి చూశాను. ముందు చక్రాల్ని కలిపే కడ్డీకి స్టీరింగ్ డ్యాంపరు ఉంటుంది. చూడ్డానికి సన్నటి షాక్ అబ్జార్బరులా ఉంటుంది, గుంతలో పడ్డప్పుడు చక్రాల అదురు చేతుల దాకా రాకుండా ఆపుతుంది. అది మధ్యలో విల్లులా వంగి ఉంది. నూనె అంతా కారిపోయింది. దాని మీద గొలుసు ఒరుసుకుపోయిన గాట్లు. నట్టు సందులో చింత బెరడు ఇరుక్కుని ఉంది.

లేచి మా మరిది పెరట్లోకి తొంగి చూశాను. మాంసం అంగళ్లకు అమ్మే చింత మొద్దులు వరసగా పేర్చి ఉన్నాయి. వాగు పక్కన పడిపోయిన చింతమాను నా జీపుకు గొలుసు కట్టి లాక్కొచ్చాడన్నమాట. పెండ్లీ లేదు, సామాన్లూ లేవు. తెలిసే కడిగాడు, తెలిసే టీ కొట్టు దగ్గర ఆ మాట అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా వేడెక్కింది.

ఎవరితోనూ అనలేదు. ఆదివారం మా ఆయన ఆత్మకూరు నుంచి కొత్త డ్యాంపరు తెచ్చాడు. ఆయనే కిరసనాయిలు పోసి, తుప్పు పట్టిన నట్లు విప్పి పాతది ఊడదీశాడు. కొత్తది బిగించబోతే ఆపాను. సంగతి చెప్పాను.

"ఇంట్లో మాట ఇంట్లోనే తేల్చుకుందాం" అన్నాడు.

"వాడన్నది ఇంట్లో కాదు, టీ కొట్టు కాడ. ఆడనే తేలాల."

ఆయన నా చేతి కట్టు వైపు చూసి, రెండు డ్యాంపర్లూ స్పానర్లూ సంచిలో వేశాడు.

డ్యాంపరు లేకుండానే జీపును మెల్లగా ఆయన చేత టీ కొట్టు దాకా తెప్పించాను. ఎదురుగా రాళ్లూ గుంతలూ ఉన్న బీడు. నవ్విన వాళ్లంతా అక్కడే ఉన్నారు. మా మరిదిని పిలిచి, "నా చేతికి లొంగడంలా. మగోడివి, ఆ బీట్లో ఒక చుట్టు తిప్పి చూడు" అన్నాను. అంతమంది ముందు కాదనలేకపోయాడు. నేను పక్కన కూర్చున్నాను. ఈ జీపుల్లో బొటనవేళ్లు స్టీరింగు లోపలికి పెట్టకూడదని నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. వాడికి చెప్పలేదు. వాడి వేళ్లనే చూస్తూ కూర్చున్నాను.

మొదటి రాయికే స్టీరింగు తిరగబడింది. "వదినా, ఆపు!" అని అరిచి రెండు చేతులూ వదిలేశాడు. నేను తాళం తిప్పేలోపు జీపు కంపలో గుచ్చుకుంది. వేలు విరగలేదు. మణికట్టు కమిలింది, అంతే. నాకు నిరాశ కలిగింది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

టీ కొట్టు దగ్గర నవ్వులు మొదలయ్యాయి. దిగి, సంచిలోంచి వంగిన డ్యాంపరు తీసి అందరికీ కనపడేలా బానెట్ మీద పెట్టాను.

"దీనికి గొలుసు కట్టి చింతమాను లాగిందెవురు?"

వాడు నేల చూపులు చూశాడు. "వంగిందని నాకేం తెలుసు వదినా..."

"తెలీకపోతే కడిగినావెందుకురా?"

నవ్వులు ఆగిపోయాయి. కొత్త డ్యాంపరు వాడి చేతిలో పెట్టి, "దూరు కిందికి" అన్నాను. వాడు అన్న వైపు చూశాడు. అన్న స్పానర్లు అందించాడు. ఎండలో, ముళ్ల మీద, వెల్లకిలా పడుకుని బిగించాడు. రబ్బరు బుష్‌లు తిరగేసి పెడితే విప్పించాను. స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి చూశాను. డ్యాంపరు ఎక్కడా తగలలేదు. అయినా ఇంకోసారి బిగించమన్నాను. అవసరం లేదు. నాకు కావాల్సి వచ్చింది.

బయటికొచ్చి దుమ్ము దులుపుకోకుండానే వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడడు. మా అత్త, "పదిమందిలో వాడి పరువు తీసినావు" అని చాలాకాలం మూతి ముడుచుకుంది. తీశాను. కట్టు విప్పిన వారానికే అవ్వను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఉదయగిరి ఆసుపత్రికి తీసుకుపోయాను. దారిలో జరిగిందంతా చెబితే ఆమె పళ్లులేని నోటితో నవ్వి, "ఇంకో రెండుసార్లు బిగిపించాల్సింది వాడి చేత" అంది.