ఎల్లవ్వ విప్పిన మూట

పరాయి రాష్ట్రంలో సర్కారు కట్టిన కోసాడ్ కాలనీకి కొత్తగా వచ్చిన మన తెలుగువాళ్లను ఎవరూ "బాగున్నరా" అని అడగరు. "ఇప్పిండ్రా?" అంటారు. మూటలు విప్పారా అని. పొయ్యి వెలిగి, బిందె నిండి, గోడకు మేకు దిగితేనే విప్పినట్టు లెక్క. నిన్నటి నుంచి మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్లూ ఎల్లవ్వను అదే అడుగుతున్నారు. ఆమె తల అడ్డంగా ఊపుతోంది.

వాళ్లింట్లో ముందు దేవుళ్ల మూట విప్పాలి. అంతవరకు ఉప్పు డబ్బా కూడా బయటికి రాదు. విప్పేది ఇంటి మగవాడు. నవాగామ్‌లో అద్దెగది మారినప్పుడల్లా భర్త లింగమే విప్పేవాడు. ఇక్కడ సర్కారు ఇల్లు మంజూరైందన్న కబురు వినగానే మూట కట్టి పెట్టిందీ అతనే. తాళంచెవి చేతికొచ్చేసరికి మనిషి లేడు. కొడుకు నరహరి నిన్న మూటలు దింపి, అటునుంచి అటే పాండేసరలో రంగుల మిల్లుకు డ్యూటీకి పోయాడు, ఇంకా రాలేదు. మూటలన్నీ గోడవారన అలాగే ఉన్నాయి.

ఎదురింటి కరుణ పరుగెత్తుకొచ్చింది.

"అత్తా! చెకింగోళ్లొచ్చిండ్రు, కింది అంతస్తుల ఉన్నరు. ఇదేంది, ఇంట్ల మనుషులున్నట్టే లేదు! ఖాళీ అని రాసుకపోతే ఇల్లు వాపస్ తీసుకుంటరు."

"పోరడు రానియ్యే."

"ఆడొచ్చేదాంక సాబ్ నీ గడపల కూసుంటడా? ఇప్పు జల్ది."

"నేను ముట్టొద్దు బిడ్డా. మొగడు పోయినదాన్ని."

"మరి దేవుండ్లను రోడ్డు మీద కూసోబెడ్తవా?"

మెట్ల మీద బూట్ల చప్పుడు. ఎల్లవ్వ దేవుళ్ల మూట ముందు కూలబడింది. ముడి రాయిలా బిగిసింది. గోళ్లు జారుతున్నాయి. కరుణ కత్తెర తెచ్చింది.

"కొయ్యకు! ఆయన చేతి ముడి."

ఎల్లవ్వ పంటితో పట్టి లాగింది. ముడి వదిలింది. పసుపు వాసన గుప్పుమంది. ఇత్తడి బొమ్మలను మూలన నిలబెట్టి దండం పెట్టింది.

"ఇగ అన్నీ ఇప్పు, కరుణా!"

గిన్నెలు దొర్లాయి. బియ్యం నేల మీద చిందాయి. స్టవ్ వెలిగింది.

సాబ్ గుమ్మంలో నిలబడ్డాడు. "యహాఁ కోయీ రహతా హై?" ఇక్కడ ఎవరైనా ఉంటున్నారా అని.

"రహతే సాబ్, రహతే" అంది ఎల్లవ్వ.

చిందిన బియ్యాన్ని, స్టవ్ మంటను చూశాడు. "ఠీక్ హై" అని పక్కింటి తలుపు తట్టాడు.

నరహరి మధ్యాహ్నం వచ్చాడు. గుమ్మంలోనే ఆగి మూలకు చూశాడు.

"ఎవరు ఇప్పిండ్రే?"

"నేనే." ఎల్లవ్వ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

నరహరి చెప్పులు వదిలి లోపలికొచ్చాడు. "పెద్దది ఎడమదిక్కు గదనే ఉండేది" అంటూ బొమ్మ మీదికి చెయ్యి చాపి, ఆగి, వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వే జరుపు" అన్నాడు.