జారే నీళ్లు

ప్రొద్దుటూరులో నేను పనిచేసిన నూలు అద్దకం షెడ్డులో రంగులు కలిపే మామ ఒకాయన ఉండేవాడు. కాస్టిక్ సోడాను నేను ఎంత సరిగ్గా తూచి ఇచ్చినా నమ్మేవాడు కాదు. సోడా కలిపిన తొట్టిలో రెండు వేళ్లు ముంచి, బొటనవేలితో రుద్ది చూసేవాడు. "జారుతాందప్పా, ఇంక రంగు ఎయ్యొచ్చు" అనేవాడు. గ్లౌజులిస్తే మేకుకు తగిలించేవాడు.

ఒకసారి రేషన్ బియ్యానికి వరుసలో ఆయన వెనకే నిలబడ్డాను. మిషన్ ఆయన వేలిముద్ర తీసుకోలేదు. పంచెకు తుడుచుకుని ఒక్కో వేలూ పెట్టాడు. ఏదీ పడలేదు.

"ఏంది మామా, వేళ్లు ఇంట్లో పెట్టొచ్చినావా?" అన్నాడు డీలరు.

"ఈడే ఉండాయి కదప్పా" అని మామ రెండు చేతులూ చాపి చూపించాడు.

వంగి చూశాను. వేళ్ల కొసలు గోలీకాయల్లా నున్నగా ఉన్నాయి. ఒక్క గీత లేదు. సోడా తగిలితే చర్మంలోని కొవ్వు సబ్బవుతుందని నాకు తెలుసు. అంటే ఇన్నేళ్లూ ఆయన వేళ్ల మధ్య జారింది నీళ్లు కాదు, ఆయన చర్మమే.

చివరికి అత్త వచ్చి వేలు పెడితే బియ్యం ఇచ్చారు.

మరునాడు ఆ సంగతంతా చెప్పి, నేనే ఆయనకు గ్లౌజులు తొడిగాను. మామ బుద్ధిగా విన్నాడు. తొట్టి దగ్గరికి పోయి, ఒకటి ఊడదీసి వేళ్లు ముంచాడు.

"ఇవి ఏసుకుంటే జారేది ఎట్లా తెలుస్తాదప్పా?"