కృష్ణమూర్తి అన్న కొలతలు

నిరుడు దాకా రోజూ మధ్యాహ్నం మా ఆయన జోసెఫ్‌కు క్యారియర్ తీసుకొని మా ఊరి పాత మున్సిపల్ కాంప్లెక్స్‌కు వెళ్లేదాన్ని. మెట్ల కింద కుట్టుమిషన్ ఆయనది. ఆయన పోయాక అటు వెళ్లడమే మానేశాను. పక్కన బట్టల దుకాణం కృష్ణమూర్తి అన్నది. ఆయనకు కొలతల పిచ్చి. ఇనుప మీటరు బద్ద ఎప్పుడూ చంకలోనే.

"రేచలమ్మా, నిన్న రెండంగుళాల పప్పు, ఈరోజు ఒకటిన్నరే. ఏంది, జోసెఫ్ మీద అలిగినావా?" అంటూ బద్ద ముంచబోతే మా ఆయన గిన్నె లాక్కునేవాడు.

తన పెళ్లిపీటల మీదే భార్య జయలక్ష్మి వదిన మెడ కొలవబోతే, ఆమె నాయన ఈయన వీపు మీద ఒకటి వేశాడట. "దెబ్బ నాలుగు వేళ్ల వెడల్పు" అన్నాడట ఈయన.

ఈ ఏడు కాంప్లెక్స్ పడగొట్టి మూడంతస్తులు కడతామన్నారు. పన్నుల రాబడి మూడింతలవుతుందని మున్సిపాలిటీ మీటింగులో ఆఫీసర్లు ఒకటే చప్పట్లు.

"ముప్పై ఏండ్లు పన్ను కట్టినాం. కారే స్లాబుకు తట్టెడు సిమెంటు ఎయ్యలేదు. ఇప్పుడు లిఫ్టంట! కరెంటు పోతే అందులో ఇరుక్కున్నోళ్లకు గూడా పన్నేస్తారా సారూ?" అన్నాడు అన్న. చప్పట్లు ఆగిపోయాయని వదిన వచ్చి చెప్పింది.

మున్సిపాలిటీ కాగితంలో ఎవరి పేరున ఎంత జాగా ఉంటే కొత్త బిల్డింగులో వాళ్లకు అంతే ఇస్తారట. మెట్ల కింది జాగా అన్న దుకాణంలోనే కలిపి రాసుంది. మా ఆయన నేర్పిన కుట్టు తప్ప నాకు వేరే ఆధారం లేదు. ఆ జాగా నాకిమ్మని అన్నను అడగడానికి నోరు రాలేదు.

ఇంజనీరు ప్రవీణ్ కుమార్ కొలతలకు వచ్చిన రోజు మిగతా దుకాణాలవాళ్లంతా అరుగులు, బోర్డులు, చెప్పుల స్టాండ్లు కూడా దుకాణమేనన్నారట. అన్న ఒక్కడే అడ్డం తిరిగాడు.

"పన్నెండడుగులు పెద్దాయనా."

"ఎనిమిదే సారూ. నాది చిన్న దుకాణం."

"కొలిచే లేజరు మిషనే చూపిస్తోంది కదా!"

"మీ ఎర్రలైటుకు కండ్లు లేవు. ఆ నాలుగడుగులు జోసెఫ్‌వి. పదిహేడేండ్లు అక్కడ కుట్టుమిషన్ తొక్కినాడు."

"ఆయన లేడు కదా?"

"మనిషి పోయినాడు. జాగా యాడికి పోతాది? భార్య ఉంది. రేచల్ అని రాయండి. అట్లయితేనే సంతకం."

అన్న మూడు గంటలు అక్కడి నుంచి కదల్లేదట. ఇంజనీరే విసిగి రాశాడు.

"దుకాణం తగ్గించమని తగువాడినోడు జిల్లాలో మీ అన్న ఒక్కడే" అని వదిన తల కొట్టుకుంది.

ఖాళీ చేసిన రోజు అన్నే కుట్టుమిషన్ మా ఇంటికి తెచ్చి, కిటికీ వెలుతురు పడేచోట కొలిచి దింపించాడు. చుట్టూ సుద్దతో గీతలు గీశాడు.

"బిల్డింగు లేచేదాకా ఇదే నీ దుకాణం. మొదటి జాకెట్టు మీ వదినది. కొలతలు నేను తెస్తాలే."

"వద్దన్నా! వదిననే పంపు."

రోజూ ఇల్లంతా తడిబట్ట పెడుతున్నాను. ఆ గీతల జోలికి మాత్రం పోవడం లేదు.