మూడో బ్లాకు కోటిరత్నం

నల్లపాడు స్టేషను దాటి కొంత దూరం పోతే, ప్రభుత్వం పేదలకు కట్టించి ఇచ్చిన కాలనీ ఒకటుంది. మూడంతస్తుల బ్లాకులు ఎనిమిది, ఒక్కో బ్లాకులో పన్నెండు ఇళ్లు. 2003లో మూడో బ్లాకులో కింది ఇల్లు కోటిరత్నానికి వచ్చింది. ఆమె గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక గోడౌనులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది. భర్త బాపయ్య యార్డులో బస్తాలు మోసేవాడు.

మరుసటి ఏడు హౌసింగ్ ఆఫీసు వాళ్లు వచ్చి బ్లాకుకొక ప్రతినిధి ఉండాలన్నారు. నీళ్లు రాకపోయినా మురుగు పొంగినా ఆ మనిషే వచ్చి అర్జీ ఇవ్వాలి. జీతం లేదు. సోమవారం సోమవారం ఆఫీసు చుట్టూ తిరిగితే పని పోతుందని మగవాళ్లు తలా ఒక సాకు చెప్పి తప్పుకున్నారు. అప్పటికి మూడు నెలలుగా మెట్ల దగ్గర లైటు లేదు. పై అంతస్తు ముసలమ్మలు గోడ తడుముకుంటూ దిగుతున్నారు. ఆ లైటు కోసమే కోటిరత్నం సరేనంది. ఆమె చదివింది ఐదో తరగతి. మొదటి అర్జీ నాలుగుసార్లు రాసి చించేసింది. ఐదోసారి రాసింది ఇచ్చిన మూడు వారాలకు లైటు వెలిగింది.

ఇక అందరూ ఆమె గుమ్మంలోకే వచ్చేవాళ్లు. బాపయ్య విసుక్కునేవాడు గానీ, ఆమె ఆఫీసుకు వెళ్లిన రోజు అన్నం తనే వండేవాడు.

బ్లాకులో ఆమెకు బాగా దగ్గరైంది జైతున్‌బీ. పై అంతస్తులో పదకొండో నంబరు ఇంట్లో అత్తతో ఉండేది. భర్త చీమకుర్తి క్వారీలో పనిచేస్తూ నెలకోసారి వచ్చిపోయేవాడు. జైతున్‌బీ కూడా అదే గోడౌనులో పనిచేసేది, ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవాళ్లు. అయితే ఆ ఇల్లు జైతున్‌బీది కాదు. మంజూరైనవాళ్లు తాము రాకుండా వీళ్లకు అద్దెకిచ్చారు. సంగతి బ్లాకంతటికీ తెలుసు, ఎవరూ పట్టించుకోలేదు.

2007 ఎండాకాలంలో నాలుగో నంబరు ఇంటితో గొడవ మొదలైంది. ఆ ఇల్లు వచ్చినాయన కాపురం పెట్టకుండా, నిండా మిరప బస్తాలు వేసి తాళం పెట్టాడు. ఎండలు ముదిరేసరికి ఘాటు చుట్టుపక్కల ఇళ్లలోకి కొట్టింది. చంటిపిల్లలు దగ్గి దగ్గి పాలు కక్కుకునేవాళ్లు. కోటిరత్నం ఆయన్ను రెండుసార్లు అడిగింది. వినలేదు. ఉండనివాళ్ల ఇల్లు వెనక్కి తీసుకోండని అర్జీ పెట్టింది.

పది రోజుల్లో బస్తాలు వెళ్లిపోయాయి. ఆ వెనకే ఆఫీసు నుంచి గురునాథం అనే గుమాస్తా జాబితా పట్టుకుని వచ్చాడు. ఒక్క ఇల్లు చూసి ఊరుకోవడం కుదరదనీ, పన్నెండు ఇళ్లలోనూ ఎవరుంటున్నారో ప్రతినిధి రాసి సంతకం పెట్టాలనీ చెప్పాడు. కోటిరత్నానికి పదకొండో నంబరు గుర్తొచ్చింది. రెండు రోజులు గడువు అడిగింది.

పదకొండో ఇంట్లో అసలువాళ్లే ఉంటున్నారని రాసేయమని బ్లాకులో చాలామంది అన్నారు. ఆమె పైకి వెళ్లి జైతున్‌బీకి ఉన్నదున్నట్టు చెప్పింది.

"రాసెయ్యక్కా. నీ చేతిలో పనే కదా," అంది జైతున్‌బీ.

"ఆ బస్తాలాయన ఉండట్లేదని నేనే రాసిచ్చానే. ఇప్పుడు మీకు అద్దెకిచ్చినవాళ్లు ఉంటున్నారని ఎట్టా రాసేది?"

"ఆయనా నేనూ ఒకటేనా? నేను ఇల్లు లేకే కదా ఇక్కడుంటున్నా."

కోటిరత్నం దిగి వచ్చేసింది. మర్నాడు పదకొండో నంబరు ఎదురుగా, మంజూరైనవాళ్లు ఉండటం లేదనీ, ఇల్లు లేని జైతున్‌బీ కుటుంబం నాలుగేళ్లుగా ఉంటోందనీ రాసింది. ఆ ఇల్లు వాళ్లకే ఇప్పించమని వేరే అర్జీ జతచేసింది.

"ఇట్టా ఇచ్చే పద్ధతి లేదమ్మా," అన్నాడు గురునాథం. అర్జీ మాత్రం తీసుకున్నాడు.

నెల తిరక్కుండా ఇంటికి సీలు వేశారు. జైతున్‌బీ సామాను స్టేషను వెనక రేకుల షెడ్డుకు చేరింది. మంచం మోయడానికి బాపయ్య వెళ్తే కాదనలేదు. కోటిరత్నం గిన్నెల మూట అందుకోబోతే వెనక్కి లాక్కుంది. గోడౌనులోనూ దూరంగా వెళ్లి కూర్చునేది. మనవాళ్లనే పట్టిచ్చిందని బ్లాకులో చెప్పుకున్నారు. ఈ ప్రతినిధి పని వదిలేద్దామని కోటిరత్నానికి చాలాసార్లు అనిపించింది. వదిలేస్తే ఆ అర్జీ గురించి అడిగే దిక్కుండదని ఆగింది.

పదకొండో నంబరు ఎవరికీ ఇవ్వకుండా తాళంతోనే ఉంచారు. జైతున్‌బీని కొత్త జాబితాలో చేర్చాలంటే రేషను కార్డు చిరునామా మార్చాలన్నారు, ఆదాయ పత్రం కావాలన్నారు. కోటిరత్నం ఆ కాగితాలు పట్టుకుని షెడ్డుకు వెళ్లేది. జైతున్‌బీ లోపలికి రమ్మనకుండా గుమ్మంలోనే వేలిముద్ర వేసి ఇచ్చేది. ఇలా పద్నాలుగు నెలలు. చివరికి 2008 వానాకాలంలో, ఆరో బ్లాకులో ఖాళీ అయిన ఒక ఇల్లు జైతున్‌బీ పేరున మంజూరైంది.

కొత్త ఇంట్లో సామాను సర్దుకున్న రోజు జైతున్‌బీ కబురు చేసింది. కోటిరత్నం వెళ్తే చాప వేసి కూర్చోబెట్టి టీ ఇచ్చింది.

"ఆ షెడ్డులో మా అత్తకు ఆయాసం పట్టుకుందక్కా," అంది. "అది మాత్రం మర్చిపోలేను."

కోటిరత్నం తల ఊపింది. ముసలామెను ఏ డాక్టరుకు చూపిస్తున్నారో అడిగింది. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు గానీ మునుపటి చనువు రాలేదు. కోటిరత్నం ఇంకో మూడేళ్లు ప్రతినిధిగా ఉంది. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక, ఆ పని పై అంతస్తు అంకమ్మకు అప్పజెప్పింది.