ఆషాఢంలో తొక్కిన వేగం

యుద్ధం జరుగుతున్న సంవత్సరాల్లో నేను ఆదోనిలో ఒక పత్తి మండీలో పనిచేసేవాణ్ణి. ఉదయం బొంబాయి ధర తంతిలో రాగానే సావుకారు దాన్ని చీటీ మీద రాసి, నేను బయలుదేరే వేళ కూడా వేసి ఇచ్చేవాడు. ఎమ్మిగనూరులో పత్తి కొనే ఆయన తమ్ముడికి ఆ చీటీని సైకిలు మీద అందించడం నా పని. అక్కడికీ తంతి ఇవ్వవచ్చు. కాని పోస్టాఫీసు గుమ్మంలోనే ధర నలుగురికీ తెలిసిపోతుందని ఆయన అనుమానం. పెట్రోలు దొరక్క బస్సు బొగ్గుతో నడిచేది. అది ఎప్పుడు చేరేదీ నడిపేవాడికే తెలియదు. తమ్ముడు గోడ గడియారం చూసి, నేను చేరిన వేళ చీటీ వెనక వేసి, సావుకారుకు చూపమని నాకే తిరిగి ఇచ్చేవాడు.

వేసవి దాటాక వ్యాపారం మందగిస్తుంది. చీటీ ఆలస్యమైనా అడిగేవారుండరు. ఆ తీరిక నెలల్లోనే నాతో నేను పందెం వేసుకున్నాను. కొత్త పత్తి దిగే నాటికి ఆ పద్దెనిమిది మైళ్లూ గంటన్నరలోపు తొక్కగలిగితే నన్ను ఖాయం మనిషిని చేస్తారని ఆశ. ఎమ్మిగనూరులో మగ్గం నేసే మా నాయన ఇంటికి ఉత్త చేతులతో తిరిగిపోకూడదని పట్టుదల.

పద్ధతి ప్రకారమే సాధన చేశాను. ఒకసారికి ఒకటే మార్చేవాణ్ణి. ముందు సైకిలు వెనక సామాను పెట్టే ఇనుప చట్రం విప్పేశాను. తర్వాత సీటు కొంచెం ఎత్తించాను. దారిలో రెండుచోట్ల నీళ్లు తాగేవాణ్ణి, ఒకచోటే తాగడం మొదలుపెట్టాను. ఏ మార్పుతో ఎన్ని నిమిషాలు కలిసివచ్చిందీ ఇంట్లో రాసుకున్నాను. ప్రతి మైలురాయి దగ్గరా నిన్నటి నేను ఎంత ముందున్నానో ఊహించుకుని, ఆ మనిషిని దాటాలని తొక్కేవాణ్ణి. ఆషాఢంలో గంటా ఇరవై నిమిషాలకు వచ్చాను. వాన పడిందా, రోడ్డు ఎట్లా ఉంది అన్నీ నా లెక్కలో ఉన్నాయి. గాలి ఎటు వీచిందో మాత్రం రాసుకోలేదు. తిరుగు ప్రయాణానికి వేళ చూసుకునే అవసరం ఉండేది కాదు. అప్పుడు కాళ్లు బరువెక్కితే, పొద్దుటి అలసట అనుకున్నాను.

సావుకారు చీటీలు తిప్పి చూశాడు.

“బాగుందప్పా. ఇంక ఇదే నీ టైము.”

సంతోషించాను.

దీపావళి దాటాక గాలి తిరిగింది. ఎమ్మిగనూరు ఆదోనికి ఈశాన్యంగా ఉంది. ఆషాఢంలో నన్ను వెనక నుంచి తోసిన గాలి పుష్యంలో ఎదురు నిలిచింది. రోడ్డుకు రెండువైపులా జొన్న కంకులన్నీ నా వైపే వంగి ఉండేవి. అదే సైకిలు, అవే కాళ్లు, గంటా నలభై ఐదు నిమిషాలు. సరిగ్గా అప్పుడే మండీకి పత్తి బండ్లు రావడం మొదలైంది.

“ఏమప్పా, ఆషాఢంలో నీ కాళ్లు వేరేవా, పుష్యంలో వేరేవా?” అన్నాడు సావుకారు, గుమాస్తాలు వింటుండగా.

“ఎదురుగాలి సావుకారూ. అప్పుడు యెనక నుంచి తోస్తా ఉండె. ఒక్కతూరి రోడ్డు మీదికొచ్చి సూడండి.”

“నేను జీతమిచ్చేది గాలికా, నీకా? ఈ టైము నేను పెట్టింది కాదు. తొక్కినోడివి నువ్వు, రాసినోడు మా తమ్ముడు.”

గుమాస్తాలు నవ్వారు. ఒక మనిషి ఏదో ఒకనాడు చేయగలిగినదాన్ని తెచ్చి వాడి నెత్తి మీదే చట్టంగా పెట్టడం ఏ న్యాయమో ఇంత వయసు వచ్చాక కూడా నాకు బోధపడలేదు.

వారం తర్వాత ఒక ఉదయం ఎక్కడా ఆగకుండా తొక్కాను. గాలి తగ్గలేదు. సగం దారిలో వేళ్లు మొద్దుబారాయి, తర్వాత పాదాలు. ఆషాఢపు మనిషి ముందు పోతూనే ఉన్నాడు. వాణ్ణి పట్టుకోవాలన్న కోరిక కూడా కొంతసేపటికి పోయింది. కాళ్లు మాత్రం ఆగలేదు. ఎమ్మిగనూరు కొట్టు ముందు దిగినప్పుడు పిడికిలి విచ్చుకోలేదు. తమ్ముడే నా జేబులోంచి చీటీ తీసుకుని గడియారం చూశాడు. గంటా పద్దెనిమిది నిమిషాలు.

“సూడు, అయితాది,” అన్నాడు. “అంటే ఇన్నాళ్లూ మమ్మల్ని మోసం సేసినావు కదప్పా.”

అరుగు మీద కూర్చున్నాను. కోపం రావలసిన చోట ఏమీ రాలేదు. ఎవరో ఇచ్చిన నీళ్లు తాగాను. చల్లగా ఉన్నాయో లేదో తెలియలేదు. నేను గెలిచినందువల్లే, గాలి గురించి నేను చెప్పిన ప్రతి మాటా అబద్ధమైపోయింది.

మరుసటి రోజు నుంచి నా మామూలు వేగంతోనే వెళ్లాను. కావాలని నెమ్మదించలేదు; నిజంగా నా వేగం అంతే. నాలుగో రోజు ఆదోనికి తిరిగి రాగానే సైకిలు మండీలోనే పెట్టేసి పొమ్మన్నారు. పెట్టేసి, ఆ బొగ్గు బస్సులోనే ఇంటికి పోయాను. నాయన మగ్గం గుంతలో నాకు చోటు చూపించాడు.

అక్కడ కాళ్ల కింది పలకలు తొక్కుతుంటే, నాకు తెలియకుండానే వేగం పెరిగి నూలు పోగులు తెగిపోయేవి. నాయన తెగినవాటిని ఒక్కొక్కటే ముడివేసేవాడు.

“నిదానంగా తొక్కప్పా,” అనేవాడు. “ఈడ నిన్నెవురూ తరమడం లేదు.”

సరేనని కాళ్లు ఆపేవాణ్ణి. కొద్దిసేపటికి మళ్లీ తెగేవి.