బ్రేకు లివరు గట్టిగానే ఉంది

మా అమ్మాయి సైకిలు బ్రేకు లివరు నొక్కితే హ్యాండిలు దాకా మెత్తగా వచ్చేస్తంది. "ఆదివారం మా సైకిళ్ళ గుంపంతా యారాడ ఎళ్తన్నాం నాన్నా. ఆ కొండ దిగాలి కదా, షాపులో ఇచ్చేస్తాను" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. స్టీలు ప్లాంటులో ముప్పై ఏళ్ళు హైడ్రాలిక్ ఫిట్టరుగా చేసినోణ్ణి. మనిషి దూరేటంత సిలిండర్లు విప్పి బిగించినోణ్ణి. నా కడుపున పుట్టి, చీపురుపుల్లంత బ్రేకు నూనె గొట్టంలో చేరిన గాలి తియ్యడానికి షాపుకెళ్తాదా!

"షాపూ లేదు గీపూ లేదు. నాను సేస్తాను. నువ్వు కళ్ళు మూసుకుని దిగు" అన్నాను. కళ్ళు మూసుకుని కొండ దిగితే ఏటవుద్దో అప్పుడు ఆలోచించలేదు.

శుక్రవారం పొద్దున్నే గాజువాకలో మా ఇంటి వరండాలో బ్రేకు నూనె, సిరంజీ, సన్న గొట్టం ముందర పెట్టుకుని కూచున్నాను. చక్రాలు రెండూ ఊడదీసేను. చక్రం లేనప్పుడు లివరు నొక్కకూడదు. నొక్కేవంటే చక్రం మధ్యనుండే డిస్కు పళ్ళేన్ని పట్టుకోవాల్సిన రెండు ప్యాడ్లూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి, ఇక చక్రం దూరదు. మనోళ్ళకేమో సైకిలు కనపడితే చెయ్యి ఊరుకోదు. పాలాయన వచ్చి నొక్కేడు. ఎదురింటాయన "బాగయ్యిందా?" అని నొక్కేడు. ప్రతిసారీ స్క్రూడ్రైవరుతో ప్యాడ్లు విడదీస్తా కూచున్నాను. ఆఖరికి మా బావ, అంటే మా ఆవిడ అన్న, వచ్చి "ఏటి బావా సేత్తన్నావ్?" అంటూనే రెండు చేతుల్తో రెండు లివర్లూ నొక్కేడు.

"నీ సేతులు పడిపోనూ!" అని అరిచేను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మా అన్నయ్య మీద పడతారేటి?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

మొత్తానికి సిరంజీతో కింద నుంచి నూనె ఎక్కించేను. పైన బుడబుడా బుడగలొచ్చేయి. బుడగలు ఆగేక స్క్రూ బిగించి, ప్యాడ్ల మధ్య చెక్కముక్క పెట్టి నొక్కితే లివరు రాయిలాగుంది. మీసం దువ్వుకున్నాను.

అక్కడితో ఆగొచ్చు కదా! మాది సముద్రపు గాలి. గేటు మడతబందు నుంచి కత్తిపీట దాకా నూనెగుడ్డతో తుడవకపోతే నెల తిరక్కుండా తుప్పు పట్టేస్తాది. ఆ అలవాటు కొద్దీ, తళతళలాడతన్న డిస్కులు రెండూ నూనెగుడ్డతో ప్రేమగా తుడిచి మరీ చక్రాలు ఎక్కించేను.

ప్లాంటులో మాకో పద్ధతుంది. మెషిను ఎవడు విప్పేడో, మొదటిసారి నడిపినప్పుడు దాని పక్కన వాడే నిలబడాలి. అందుకని అమ్మాయి కంటే ముందు నాను దిగి చూద్దామని, ఆ సాయంత్రం సైకిల్ని ట్రాలీ ఆటోలో యారాడ కొండ మీదికి ఎక్కించేను. బావ స్కూటరు మీద వెనకొచ్చేడు.

మొదటి వంపు వచ్చింది. లివరు నొక్కేను. గట్టిగా ఉంది. సైకిలు మాత్రం ఆగలేదు. ఇంకా నొక్కేను. ఎదురుగా సముద్రం పెద్దదవతంది గానీ జోరు తగ్గట్లేదు. "ఓరి నాయనో!" అని కాళ్ళు రెండూ రోడ్డుకి ఆనించేను. ఒక చెప్పు ఎగిరిపోయింది. దేవుడు చల్లగా చూసి, గోడ కట్టడానికి ఎవరో పోయించిన ఇసక గుట్టలోకి దూరిపోయేను.

బావ పరిగెత్తుకొచ్చి నన్ను లేపలేదు. ముందు లివరు నొక్కి చూసేడు. "గట్టిగానే ఉంది కదా బావా!" అన్నాడు. తిడదామంటే నోటినిండా ఇసక. మోకాలు చీరుకుపోయింది, అది పెద్ద లెక్క కాదు. నాను ముందు దిగి చూడకపోతే ఆదివారం ఈ వంపులో మా పిల్ల ఉండేది. సైకిలు మళ్ళీ ఎక్కకుండా చేత్తో నడిపించుకుంటానే కొండ దిగేను.

ఇంటికొచ్చి చెప్పేసేను. "అమ్మా, నా వల్ల కాలేదు. షాపులో ఇచ్చెయ్యి."

మా ఆవిడ గరిటె పట్టుకుని బయటికొచ్చింది. "ఏటీ? మళ్ళీ అనండి" అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట నా నోట విన్నది లేదు పాపం.

అమ్మాయి డిస్కు మీద వేలు రాసి చూసుకుంది. "దీనికి నూనె పూసేవా నాన్నా? ప్యాడ్లు పట్టుకుని ఆపాల్సింది దీన్నే కదా! జారిపోదేటి మరి?"

"తుప్పు పడతాదని..." అన్నాను.

నవ్వుతాదనుకున్నాను. నవ్వలేదు. నా మోకాలు చూసింది, ఒంటి చెప్పు చూసింది. మర్నాడు నూనె అంటినవాటి బదులు కొత్త ప్యాడ్లూ, డిస్కు తుడిచే స్పిరిట్టూ తెచ్చి నా ముందు పెట్టింది.

"నన్ను నమ్మకే తల్లీ. షాపుకి తీసుకెళ్ళు" అన్నాను.

"షాపోడు బిగించేక ఆ కొండ దిగి సూస్తాడేటి నాన్నా? నువ్వే బిగించు" అంది.

లేచెళ్ళి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని వచ్చి కూచున్నాను.